ఆరక్షరాల గెనిమ

మా సారు రైలు కిటికీలోంచి చూశాడట. పుత్తూరు దాటాక, వాన వెలిసిన పూట, రైలు మెల్లగా పోతూంటే కిటికీ పక్కన వరిమళ్లు కనబడ్డాయట. మడికీ మడికీ మధ్య గట్టు. ఈ మడి నీళ్లు ఆ మడిలోకి పోకుండా ఆ గట్టు ఆపుతోందట. అంతే, ఏళ్ల తరబడి తెగని చిక్కు ఆ క్షణంలో తెగిపోయిందట. తిరుపతిలో ఆయన పదవీ విరమణ సన్మాన సభలో, భుజాన రెండు శాలువాలు, మెడలో గంధపు దండ వేసుకుని ఆయన ఈ కథ చెబితే హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. నా ఒళ్లు మండిపోయింది.

ఆయన రైలెక్కడం నేనెప్పుడూ చూడలేదు. యూనివర్సిటీ కారు తప్ప ఇంకోటి ఎక్కని మనిషి. మళ్ల సంగతి ఆయనకు చెప్పింది ఏ రైలూ కాదు. వడమాలపేట నుంచి రోజూ బస్సులో వచ్చి మా ల్యాబులో గాజుముక్కలు కడిగే ఆమె చెప్పింది. ఆమె ఆ ముందు వారమే చనిపోయింది. ఆ సంగతి సభకు అరగంట ముందు మెట్ల దగ్గర మా పాత అటెండరు నాకు చెప్పాడు. గ్లాసులక్క పోయిందంటమ్మా, జొరమని పడుకుని మళ్లీ లెయ్యలేదంట అని చెప్పి, కుర్చీలు సర్దడానికి లోపలికి వెళ్లిపోయాడు. నేను ఆ మాటను కడుపులో పెట్టుకుని వచ్చి రెండో వరసలో కూర్చున్నాను. కాసేపటికే ఈ రైలు కథ.

అందుకే ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను. చల్లారాక రాస్తే నాలుగు వైపులా చూసి రాయగలనేమో. అన్ని వైపులా చూసి చూసే ఇంతకాలం నోరు మూసుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఆ ల్యాబులో పరిశోధన విద్యార్థిని. ఆమెకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. మనిషి సన్నం, గొంతు లావు. అందరూ గ్లాసులక్క అనేవాళ్లు. ఆమె పొద్దున రాగానే చేతిగాజులన్నీ మోచేతి వైపు తోసి వాటి మీద రబ్బరు బ్యాండు బిగించేది, పనిలో గాజుముక్కకు తగలకుండా. ఆ బ్యాండు బిగిసిందంటే ఇక ఆమె దగ్గరకు పోవడానికి మాకందరికీ భయం. కడిగిన ముక్కను వేళ్లతో పట్టుకున్నామా, చేతి మీద చిన్న దెబ్బ పడేది. పీహెచ్‌డీ చేసే వాళ్లమన్న మర్యాద ఏమీ లేదు. నా చేతుల్ని ఒకసారి తిప్పి చూసి, "ఇవి సేతులా, నూనె గిన్నెలా అమ్మణ్ణీ?" అని అడిగింది. మా వైపు ఆడపిల్లను ముద్దుగా అమ్మణ్ణీ అంటారు. ఆమె నోట అది ముద్దులాగా వినపడేది కాదు.

కడిగిన వాటిలోంచి ఒక ముక్క తీసి, కిటికీ వెలుతురుకు పట్టి, దాని మీద నోటితో ఆవిరి ఊదేది. ఆవిరి అంతటా ఒకే తీరుగా పట్టి ఒకే తీరుగా ఆరిపోతే ఆ విడత అంతా పాసు. ఎక్కడన్నా మచ్చలాగా మిగిలిందంటే మొత్తం విడత మళ్లీ మొదటి నుంచి. ఎంత తొందర పనైనా సరే, సారే వచ్చి నిలబడినా సరే. ఊదిన ముక్కను మాత్రం పక్కన పడేసేది, అది ఎంగిలి ముక్కట.

మంచిదే అంటే మంచిదే గానీ, దేవతేమీ కాదు. తుడిచే మెత్తటి కాగితాలు బీరువాలో దాచి, మేము అడిగితే లేవనేది. బస్సు లేటయిందని వారానికి రెండు రోజులు అబద్ధం ఆడేది. ఇంకో అటెండరు ఎవరన్నా ఆమె తొట్టి ముట్టుకుంటే ఆ రోజు ల్యాబులో సంతే. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే ఊరుబిండి పచ్చడి వాసన కారిడారంతా పట్టేది. మాకు కొంచెం పెట్టి, బాగుందని మేము అనేదాకా ముద్ద ఎత్తేది కాదు.

మా పని ఏమిటో చెప్పకపోతే ఆమె సంగతి అర్థం కాదు. కళ్లజోడులో అమర్చుకునే తెర ఒకటి తయారు చెయ్యాలని ఢిల్లీ నుంచి మా సారుకు ప్రాజెక్టు వచ్చింది. గోరంత తెర. ఆ గోరంత చోటులో వేలాది చుక్కలు, ఒక్కో చుక్క విడివిడిగా వెలగాలి, విడివిడిగా ఆరాలి. అంత తెర చెయ్యడం మా తాహతుకు మించిన పని కాబట్టి, మేము నాలుగైదు పదుల చుక్కలున్న చిన్న నమూనాలు చేసేవాళ్లం. గాజు మీద ముందు ఒక నీలంరంగు ద్రావణం పూత పూయాలి. గాజును గిర్రున తిప్పే యంత్రం మీద పెట్టి ద్రావణం చుక్క వేస్తే అదే అంతా పరుచుకుంటుంది. గ్లాసులక్క ఆ యంత్రాన్ని బొంగరం అనేది. కరెంటు ఆ నీలం పూతలోంచి పోయి పైనున్న పొరను వెలిగిస్తుంది.

చిక్కంతా అక్కడే. చుక్కలు దూరదూరంగా ఉన్నంత కాలం బాగానే ఉంది. దగ్గర చేసేసరికి ఒక చుక్క వెలిగిస్తే పక్కనున్న నాలుగూ మసకమసకగా వెలిగేవి. ఒక చుక్క కోసం పంపిన కరెంటు నీలం పూత వెంబడి పక్కలకు పాకేది. దాన్ని మేము క్రాస్‌టాక్ అనేవాళ్లం. అది ఉన్నంత సేపు ఆ తెర మీద అక్షరం అక్షరంలా కనపడదు, అలికినట్టుంటుంది. పూత పలచన చేశాం, చుక్కలు మసకబారాయి. ద్రావణం మార్చాం, పూత పగిలింది. ఆఖరికి పూత పూశాక సూదిమొనతో చుక్కకూ చుక్కకూ మధ్య గీకి చూశాం, చుక్కలే చచ్చిపోయాయి. ఏడాదిన్నర ఇదే వరస.

ఒకరోజు మైక్రోస్కోపుకు తగిలించిన టీవీలో నేను ఒక చుక్క వెలిగించి, పక్క చుక్కల మసక చూసి తల పట్టుకుని కూర్చుంటే, ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెనక వచ్చి నిలబడింది. చాలాసేపు చూసింది.

"కయ్య పొర్లతా ఉండాదే" అంది.

కయ్య అంటే మడి. ఆమె వాళ్ల నాయనకు ఒక్కతే బిడ్డ. పెళ్లికి ముందూ, మొగుడు మంచం పట్టాకా, ఊళ్లో కయ్యలకు నీళ్లు కట్టింది ఆమే. భుజాన పార వేసుకుని కాలవ వెంబడి తిరిగిన మనిషి. టీవీలో ఆమెకు కనపడింది కరెంటు కాదు, నీళ్లు.

ఈ నీలం నీళ్లు మీరు ఎప్పుడు పెడతారు, అడ్డం ఎప్పుడు గీస్తారు అని అడిగింది. పూత పూశాక గీకుతామని చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. అన్నం వండాక బియ్యం కడుగుతానన్న దాన్ని చూసినట్టు చూసింది.

"నీళ్లు పెట్టినాక యాడన్నా గెనిమ కడతారా? ముందర గెనిమ, ఆమీట నీళ్లు. నీళ్లకు నీది నాది తెలీదమ్మణ్ణీ. మనమే తెలిసేటట్టు సెయ్యల్ల."

గెనిమ అంటే మడిగట్టు. మా చిత్తూరు వైపు గట్టు అనం, గెనిమ అంటాం. నేను లేచి సారు గదికి పరిగెత్తాను. కాంతి పడితే గట్టిపడే ఒక పూత మా దగ్గర ఉంది. దానితో గాజు మీద ముందే, మడికి గట్టు కట్టినట్టు, సన్నటి గట్లు గళ్లుగళ్లుగా కట్టి, ఆపైన నీలం ద్రావణం పోస్తే? సారు సిగరెట్టు ఆర్పి, ఆలోచించి, చేసి చూడమన్నాడు. ఎవరి ఆలోచన అని అడిగాడు. గ్లాసులక్క అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు గుర్తే.

మొదటి విడత చెడిపోయింది. గెనిమలు లేచాయి గానీ ద్రావణం వాటి నెత్తిన కూడా ఎక్కి కూర్చుంది, అన్ని కయ్యలూ మళ్లీ ఒకటయ్యాయి. సారు విసుక్కుని, ఇంతేనమ్మా పల్లెటూరి సైన్సు అన్నాడు. ఆమె వినే ఉంటుంది, వినపడనట్టు ముక్కలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి ఊదుతూ కూర్చుంది. మేము పూతకు ముందు ఆఖరున ప్రతి ముక్కనూ ఒక దీపంపెట్టెలో పెట్టేవాళ్లం. ఆ వెలుతురు పడితే గాజు ఎంత శుభ్రమవుతుందంటే నీళ్లు చుక్కగా నిలవవు, పలచగా పరుచుకుంటాయి. ఆ దీపం గాజుతో పాటు గెనిమనూ కడిగేస్తోంది. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. నీళ్లు ఏ గాజు మీద నిలుస్తాయో, దేని మీద జారతాయో పదకొండేళ్లు కళ్లతో చూసిన మనిషికి తట్టింది.

"గెనిమను కడగగూడదు. గెనిమ నెత్తి రవంత జిడ్డుగా ఉండల్ల, అప్పుడే నీళ్లు ఈ పక్కకన్నా ఆ పక్కకన్నా దిగతాయి. ముందర కడుగు, ఆమీట గెనిమ, ఆమీట నీళ్లు" అని చెప్పి, దీపంపెట్టె ముందు స్టూలు వేసుకుని తనే కూర్చుంది, గెనిమ కట్టిన ముక్క ఒక్కటి కూడా మేము అందులో పెట్టకుండా.

నాలుగో విడతకు చుక్క ఒక్కటే వెలిగింది. చుట్టూ నాలుగూ నల్లగా, నిమ్మళంగా ఉన్నాయి. మేమంతా అరిచాం. ఆమె టీవీ దగ్గరికి వచ్చి చూసి, మడమ తిప్పుకుని పోయి తొట్టిలో నీళ్లు మార్చుకుంది. సాయంత్రం బస్సుకు పోతూ మాత్రం, తలుపు దగ్గర ఆగి, ఇంకోసారి వెలిగించమని అడిగి చూసిపోయింది.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. నమూనాలకు పేర్లు పెట్టి నోటుబుక్కులో రాయాలి. అంతా ఇంగ్లీషులోనే ఉండాలని సారు ఆజ్ఞ. ఇంగ్లీషులో ఏం పేరు పెట్టాలో ఆలోచించే ఓపిక లేక, గెనిమ అనే మాటనే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాశాను. గెనిమ ఒకటి, గెనిమ రెండు, గెనిమ మూడు. ఆరు అక్షరాలు. ఆ పట్టికలు అట్లాగే రిపోర్టులోకి ఎక్కాయి, రిపోర్టు ఢిల్లీకి పోయింది. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఫలితాలు చాలా బాగున్నాయి, అభినందనలు, అయితే మీరు వాడిన ఈ సంక్షిప్త నామానికి పూర్తి పేరేమిటో తెలియజేయగలరు అని. ఆ పెద్దమనుషులకు పెద్దక్షరాలు కనపడితే సంక్షిప్త నామమే. మడిగట్టు అని వాళ్లకెట్లా తెలుస్తుంది?

సారు నన్ను పిలిచాడు. ఉత్తరం నా ముందు తోసి, దీనికి ఏదో ఒక విస్తరణ కట్టమ్మా, బాగుండాలి అన్నాడు. అది గ్లాసులక్క మాట సార్, గట్టు అని అర్థం, అట్లాగే రాద్దామా అని నేను అడిగి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. నా థీసిస్ అప్పటికి ఆయన బల్ల మీద ఉంది. నేను కుర్చీలో కూర్చుని, కాగితం మీద ఆరు అక్షరాలు నిలువుగా రాసుకుని, ఒక్కోదాని పక్కన ఒక్కో మాట పేర్చాను. గ్రిడ్ ఎన్‌క్లోజ్డ్ నారో ఐసొలేషన్ మెథడ్ ఫర్ అర్రేస్. సారు చదివి, భేష్ అన్నాడు. ఆ పేరుతోనే వ్యాసం అచ్చయింది. ముందు ఆయన పేరు, తర్వాత నా పేరు. చివర కృతజ్ఞతల్లో ఢిల్లీ వాళ్లున్నారు, వైస్ ఛాన్సలర్ ఉన్నాడు, ఆ వేసవిలో ఒక్కరోజు కరెంటు ఇచ్చిన పక్క డిపార్టుమెంటు కూడా ఉంది.

ఆమెకు వ్యాసంతో పనేమిటని అనుకుంటారేమో. పని ఉంది. ఆమె పదకొండేళ్లుగా దినకూలీ లెక్కన పనిచేస్తోంది. ఆ ఏడే అట్లాంటి వాళ్లను పర్మనెంటు చేసే ఫైలు కదిలింది. చదువు లేనివాళ్లయినా సరే, ల్యాబులో నైపుణ్యం గల సాంకేతిక పని చేస్తున్నారని డిపార్టుమెంటు హెడ్డు రాసిస్తే పరిశీలిస్తారు. ఆ ఒక్క కాగితం. మా హెడ్డు మా సారే.

ఆమె ఆ కాగితం కోసం ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు. ఆ నెలంతా బస్సు లేటు అబద్ధం ఒక్కసారీ చెప్పలేదు. తుడుపు కాగితాలు అడక్కుండానే ఇచ్చింది. సారు గది ముందు రోజూ ఒకసారి నడిచి వెళ్లేది, ఏమీ అడగకుండా. ఆఖరికి కవరు వచ్చిన రోజు దాన్ని విప్పకుండా తెచ్చి నా చేతికిచ్చి, చదవమంది.

"నా పని ఏమని రాసిండారు?"

రెండే వాక్యాలు. పదకొండేళ్లుగా పనిచేస్తున్న మాట వాస్తవం. పని స్వభావం, క్లీనింగ్. ఆ ఒక్క మాట చాలు, ఫైలు అక్కడికక్కడే ఆగిపోవడానికి. సాంకేతిక పని అని రాస్తే, ఏం పని అని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే గెనిమ బయటికొస్తుంది. సొమ్మొకడిది సోకొకడిది అని తేలిపోతుంది. అంత తెలివి లేకుండా ఆయన ప్రొఫెసరు కాలేదు.

క్లీనింగ్ అంటే ఆమెకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. "కడిగేదే గదా. కడిగినా. అబద్ధమైతే రాయలేదులే" అంది. కాసేపు తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. తర్వాత, గెనిమ మాట ఎక్కడా రాయలేదా అని మెల్లగా అడిగింది.

నేను ఏం చేశానో చూడండి. ఆమెను ఊరడిద్దామని అచ్చయిన వ్యాసం తెచ్చి చూపించాను. ఇదిగో అక్కా, మీ మాటే, పైనే ఉంది, గెనిమ అని కూడబలుక్కుని చూడండి అన్నాను. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. కొడుకుకు పలక మీద దిద్దించేటప్పుడు నేర్చుకుందట. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. ఆమె మొహం ఆ నిమిషంలో విప్పారిన తీరు నేను ఇంకెక్కడా చూడలేదు. తర్వాత వేలు పక్కకు జరిగింది.

"ఇదేంది, దీని పక్కన ఇంత పొడుగు రాసినారు?"

దాని అర్థం అన్నాను.

"గెనిమకు అర్థం నన్ను అడిగింటే సెప్పనా?"

ఎవరు రాశారని ఆమె అడగలేదు. నా మొహంలో కనపడే ఉంటుంది. వ్యాసం నా చేతికిచ్చి, మోచేతి మీద రబ్బరు బ్యాండు తీసి బీరువా పిడికి తగిలించింది. గాజులన్నీ ఒక్కసారిగా మణికట్టు మీదికి జారాయి. ఆ చప్పుడు ల్యాబులో నేను అంతకు ముందెప్పుడూ వినలేదు.

"నీళ్లకు నీది నాది తెలీదు అమ్మణ్ణీ" అంది. "మనిసికి తెలీదా?"

మరుసటి రోజు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. మళ్లీ వాళ్లవీ వీళ్లవీ కయ్యలకు నీళ్లు కట్టడానికే పోతోందని ఎవరో అన్నారు. నాకు డాక్టరేటు వచ్చింది, చిత్తూరులో ఉద్యోగం వచ్చింది. వడమాలపేట ఎంత దూరమని! ఆరేడేళ్లలో ఒక్కసారీ పోలేదు. పోయి ఏ మొహం పెట్టుకుని మాట్లాడను అనుకున్నాను. అది సిగ్గు కాదు, పిరికితనం. దానికి సిగ్గు అని పేరు పెట్టుకున్నాను, అంతే. పేర్లు పెట్టడంలో నాది అందెవేసిన చెయ్యి కదా.

సభ సంగతి పూర్తి చెయ్యాలి. రైలు కథ అయ్యాక, ఆయన శిష్యుల్లో ఒకరిగా నన్ను వేదిక మీదికి పిలిచి నాలుగు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు. ఈసారి చెప్పాను. గెనిమ అన్నది ఇంగ్లీషు మాట కాదని, మడిగట్టుకు మా ఊళ్ల పేరని, ఆ మాటా ఆ ఆలోచనా మా ల్యాబులో గాజుముక్కలు కడిగిన ఒక ఆడమనిషివని, ఆమె పోయిన వారం చనిపోయిందని చెప్పాను. నా పక్కనే సారు శాలువా సర్దుకుని లేచి, నా చేతిలో మైకు తీసుకున్నాడు. మొహం నిండా నవ్వు.

"చూశారా ఎంత విచిత్రమో! మేము పెట్టిన శాస్త్రీయ నామానికి మన తెలుగులోనూ అర్థం ఉందట. ఇన్నాళ్లూ నాకే తెలియదు" అన్నాడు.

హాలంతా మళ్లీ చప్పట్లు. రైలు కథకు కొట్టిన వాటికంటే ఎక్కువే. ముందు వరసలో ఒక పెద్దాయన ఆనందం పట్టలేక, భాష గొప్పదనమండీ అన్నాడు కూడా. వేదిక మెట్లు దిగుతుంటే పాత అటెండరు ఒక్కడే నా మొహంలోకి చూశాడు. వాడు చప్పట్లు కొట్టలేదు.

ఆమె పేరు నేను ఇక్కడ రాయలేదని మీరు గమనించే ఉంటారు. కావాలనే రాయలేదు. గెనిమ పక్కన ఆమె పేరు ఉండాల్సిన కాగితాలు రెండే రెండు. ఒకటి ఆ వ్యాసం, రెండోది సారు రాసిచ్చిన ఆ సర్టిఫికెట్టు. ఆ రెండింటిలో గెనిమ పక్కన లేని పేరును ఇప్పుడు ఇక్కడ రాసి చేతులు దులుపుకుంటే నేనూ రైలు కథ చెప్పినట్టే.

సారును తిట్టుకుంటూ చిత్తూరు బస్సెక్కాను. పూతలపట్టు దాకా తిట్టుకుంటూనే ఉన్నాను. అక్కడ బస్సు ఆగినప్పుడు, రోడ్డు పక్క కయ్యల్లో ఎవరో ఒక ఆడమనిషి పారతో గెనిమ ఎత్తు చేస్తోంది. అప్పుడు తిట్లు ఆగిపోయాయి. ఆయన ఇవాళ మైకులో అన్నది ఒక రకంగా నిజమే, ఆయనతో నేను ఎప్పుడూ గట్టు అనే అన్నాను, గెనిమ మాట అర్థం ఆయనకు నిజంగానే తెలిసి ఉండదు. ఆయనకు చేతికి అందింది నేను కట్టిన ఇంగ్లీషు. అది కట్టడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు.